తొర్ర ఉన్న చెట్టును కొట్టొద్దు

నంద్యాల, ఆళ్లగడ్డ రైతన్నలకూ, కెమెరాలు పట్టుకుని తోటలకు వచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ విన్నపం.

మహానంది నుంచి ఆళ్లగడ్డ దాకా నల్లమల అంచున అరటి తోటలు పరుచుకున్నాయి. పొద్దున్నే వెళ్తే, అరటిపువ్వు దొప్ప పైకి లేచిన చోట తేనెపిట్ట తలకిందులుగా వేలాడుతూ తేనె పీలుస్తుంటుంది. ఎండ తగిలితే మగపిట్ట మెడ నీలంగా మెరుస్తుంది. మీరు తీసే అలాంటి ఫొటోలు చూసి తోటల్లో పిట్టలకేం లోటనుకుంటున్నాం.

తేనెపిట్టకు అరటిపువ్వు చాలు, రామచిలుకకు చాలదు. 2018లో రాష్ట్ర పక్షిగా ప్రకటించుకున్న ఆ చిలుక గుడ్లు పెట్టేది చెట్టు తొర్రలో. పాలపిట్టా అంతే, మన పొలాల్లో ఎలుకలు పట్టే పైడికంటీ అంతే. అరటి బోదెకు తొర్ర పడదు, గెల కోశాక దాన్నీ నరికేస్తాం. తొర్ర పడాలంటే ముదురు వేపో తుమ్మో కావాలి. తోటల మధ్య అవి మిగిలింది గట్ల మీదే. నీడ పడి ఒక వరస గెలలు సన్నబడే మాట నిజం. ఆ ఒక్క వరస కోసం ముప్పై నలభై ఏళ్ల చెట్టును పోగొట్టుకోవడం దండగ. మళ్లీ అంత చెట్టు మన తరంలో రాదు.

ఉండే చోటు పోతే పిట్టా పోతుందనడానికి సాక్ష్యం మన జిల్లాలోనే ఉంది, రోళ్లపాడు. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. చుట్టూ ఉన్న గడ్డి బీళ్లు సాగులోకి వచ్చాయి. ఇప్పుడా పిట్ట దర్శనమే గగనమైంది.

అందుకే కెమెరా వాళ్లను అడుగుతున్నాం. పిట్టను దగ్గరగా తీశాక నాలుగడుగులు వెనక్కి వచ్చి తోట, గట్టు, చెట్టు కనపడేలా ఇంకొకటి తీయండి. ఏ చెట్టును కాపాడాలో తెలిసేలా పంట, నెల, ఊరు రాసి పంచాయతీకి ఇవ్వండి. చెట్టు ఆనవాలు మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు, చిలుక పిల్లల్ని పట్టి అమ్మేవాళ్లకు దారి చూపినట్టవుతుంది. గూటి ముందు కొమ్మలు విరవొద్దు, ఫోన్‌లో కూత వినిపించి పిట్టను రప్పించొద్దు. గుడ్లనూ గూళ్లనూ కదిలించడాన్ని 1972 వన్యప్రాణి చట్టం వేట కిందే లెక్కగడుతుంది.

రైతన్నా, నీ తోటలో ఫొటో తీసుకునేవాళ్ల దగ్గర రుసుం అడుగు, అది న్యాయమే. అరటికి రాయితీ ఇచ్చేటప్పుడు గట్టు చెట్లు ఉంచిన రైతుకే మొదట ఇమ్మని ఉద్యాన శాఖను అందరం కలిసి అడుగుదాం. వచ్చే గ్రామసభలో ప్రతి ఊరూ ఒక తీర్మానం చేయాలి: తొర్ర ఉన్న చెట్టును పంచాయతీకి చెప్పకుండా ఎవరూ కొట్టకూడదు.