మిజాజ్ అంతే అంటే సరిపోదు

మన పిల్లల ఫోన్లలో ఇప్పుడు నాలుగక్షరాల పరీక్ష ఒకటి తిరుగుతోంది. ప్రశ్నలకు జవాబులు నొక్కితే, పదహారు రకాల మనుషుల్లో నువ్వు ఫలానా రకం అని చెప్పేస్తుంది. కార్ల్ యూంగ్ 1921లో అచ్చేసిన పుస్తకం ఆధారంగా అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె బేటీ ఇసాబెల్ మయర్స్ తయారుచేసిన పద్ధతి ఇది.

మనుషుల్ని ఇలా చూడటం మనకు కొత్తేం కాదు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ వైద్య కళాశాల ఉంది. యునానీ తిబ్‌కు మిజాజే పునాది: దమవీ, బల్గమీ, సఫ్రావీ, సౌదావీ. సఫ్రావీ మనిషికి గుస్సా తొందరగా వస్తుంది. సౌదావీ మనిషి లోలోపలే ఆలోచించి దిగులు పడతాడు. అయితే హకీమ్ సాబ్ నాడి పట్టి మిజాజ్ తెలుసుకునేది ముద్ర వేయడానికి కాదు, తద్బీర్ చెప్పడానికి. ఏం తినాలి, ఎంత నిద్రపోవాలి, కడప ఎండల్లో ఏం మానాలి అని.

దీంతో ఫాయిదా లేదనను. షాదీ దావత్‌లో మూలన కూర్చున్న అమ్మాయిని మగ్రూర్ అంటాం. అది గురూర్ కాదు, ఆమె మిజాజ్ అని తెలిస్తే ఇంట్లో సుకూన్.

కానీ చాలా ఇళ్లలో జరిగేది వేరు. 'మావాడిది వాళ్ల దాదా పోలిక, మిజాజే గరమ్. నువ్వే సబర్ చెయ్ బేటీ' అని కోడలికి చెబుతారు. మిజాజ్ మగవాడికి బహానా, సబర్ ఆడపిల్లకు బోఝ్. ఇదేం ఇన్సాఫ్? నసీహత్ అడిగిన మనిషికి మన ప్రవక్త (స) కోపం తెచ్చుకోవద్దనే మళ్లీ మళ్లీ చెప్పారు. కోపం మన చేతిలో లేనిదైతే ఆ మాట ఎందుకు?

రిష్తాలు చూసేవాళ్లకూ ఒక మాట. ఉద్యోగానికి మనుషుల్ని ఎంచడానికి ఈ పరీక్ష వాడొద్దని దాన్ని అమ్మే కంపెనీయే అంటోంది. మరి నికాహ్‌కు నాలుగక్షరాలు చాలుతాయా?

ఖుర్ఆన్‌లో నఫ్స్‌కు మూడు పేర్లు వస్తాయి: అమ్మారా, లవ్వామా, ముత్మయిన్నా. అవి మూడు రకాల మనుషులు కావు. ఒకే మనిషి దాటాల్సిన మంజిళ్లు. ఇమామ్ గజాలీ తన ఇహ్యాలో ముహాసబాకు ప్రత్యేకంగా చోటిచ్చింది అందుకే.

పరీక్ష రాయండి, పర్వాలేదు. ఇషా తర్వాత ఐదు నిమిషాలు కూర్చుని, ఈరోజు నా మిజాజ్ వల్ల ఎవరి దిల్ నొచ్చింది అని కూడా అడుక్కోండి. జవాబు తెలియకపోతే మీ బీవీని అడగండి. ఆమెకు తెలుసు.