ఊరి నుంచి వచ్చేసరికి దగ్గు!

సంక్రాంతికి ఇంటిల్లిపాదీ ఊరెళ్తారు. టామీని మాత్రం వారం రోజులు డాగ్ హాస్టల్లో వదులుతారు. తిరిగొచ్చి ఇంటికి తెచ్చుకున్న మూడోరోజు మొదలవుతుంది... గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు ఒకటే దగ్గు. చివర్లో కాస్త తెల్లటి నురగ. 'అక్కడేం పెట్టారో ఏంటో' అని తిండి మీదికి పోతుంది అనుమానం. చాలాసార్లు అది ఎముకా కాదు, తిండీ కాదు. కెన్నెల్ కాఫ్!

ఇది ఒక్క క్రిమి పని కాదు. బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా, పారాఇన్‌ఫ్లూయెంజా, అడినోవైరస్-2 లాంటి వైరస్‌లు ఒకదానికొకటి తోడవుతాయి. పిల్లలకొచ్చే కోరింత దగ్గు క్రిమికి ఈ బోర్డెటెల్లా దగ్గర చుట్టమే. శ్వాసనాళం లోపల కంటికి కనిపించనంత సన్నటి నూగు ఉంటుంది. దుమ్మునీ క్రిముల్నీ కఫంతో సహా పైకి ఊడ్చే చీపురు అదే. బోర్డెటెల్లా సరిగ్గా దాన్నే పట్టుకుని కదలనివ్వదు.

మరి ఒకేచోట ఉన్న కుక్కలన్నింటికీ రాదేం? వయసు, టీకాలతో పాటు బెంగ కూడా ఓ కారణం. అయినవాళ్లు కనిపించరు, అన్నీ కొత్త వాసనలు, పక్క గదిలో రాత్రంతా అరుపులు, నిద్ర ఉండదు. దాంతో ఒంట్లో కార్టిసోల్ హార్మోన్ పెరుగుతుంది. కాసేపైతే నష్టం లేదు. రోజుల తరబడి అలాగే ఉంటే రోగాలతో పోరాడే శక్తి సన్నగిల్లుతుంది. క్రిమి లేకుండా ఉత్త బెంగతో ఈ దగ్గు రాదు. కానీ గాలాడని ఇరుకు గదిలో క్రిమి ఎదురైనప్పుడు బెంగపడ్డ కుక్క తేలిగ్గా దొరికిపోతుంది.

అందుకే పండక్కి ముందే ఓ పూట, తర్వాత ఓ రాత్రి అక్కడ ఉంచి అలవాటు చేయాలి. పాత దుప్పటి, రోజూ తినే గిన్నె, అదే తిండి వెంట పంపాలి. ఉతికిన దుప్పటి వద్దు, ఇంటి వాసన పోతుంది! బోర్డెటెల్లాకి ముక్కులో వేసే టీకా ఉంది. బయల్దేరే రోజు హడావుడిగా కాకుండా కనీసం వారం ముందు వేయించాలి. టీకాతో దగ్గు అసలే రాదని కాదు, వచ్చినా తీవ్రత తక్కువ.

మామూలుగా రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. ఆ రోజుల్లో మెడపట్టీ బదులు ఛాతీకి కట్టే హార్నెస్ వాడితే గొంతు మీద ఒత్తిడి పడదు. మనం తాగే దగ్గు మందు మాత్రం పోయొద్దు. జ్వరం, ఆయాసం ఉన్నా, తిండి మానేసినా వెంటనే డాక్టరుకు చూపించాలి. చిన్న పిల్లలు, ముసలివి, పగ్‌ల విషయంలో అసలు ఆలస్యం చేయకూడదు, న్యుమోనియాలోకి దిగొచ్చు.

దగ్గు తగ్గాక కూడా కొన్ని వారాలు క్రిములు బయటికొస్తూనే ఉండొచ్చు. పక్కింటి నేస్తంతో ఆటలు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్నే అడగాలి.