పళ్ళు పంచేవారు సరే, పేర్లు రాయించేవారేరీ?

పుట్టినరోజునాడు అంగన్‌వాడీకి వచ్చి, పిల్లల చేతిలో తలొక అరటిపండు పెట్టి, ఫొటో దిగి వెళ్ళిపోవడం మన ఊళ్ళలో ప్రజాసేవగా చలామణీ అవుతోంది. మేడ్చల్, శామీర్‌పేట దారుల్లో తిరిగేవారికి ఇటువంటి సేవకుల ఫ్లెక్సీలు కొత్త కావు. పండు పంచడం తప్పని నేననను. దానిని నాయకత్వమంటే మాత్రం ఒప్పుకోను.

ఎందుకంటారా? పండు దానం, అంగన్‌వాడీ కూడు హక్కు. ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని పల్లెగానీ మురికివాడగానీ అడిగితే మూడు నెలల్లో కేంద్రం తెరవాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. "అడిగితే" అన్న మాట దగ్గరే ఉంది అసలు చిక్కు. పొట్ట చేతబట్టుకుని ఒడిశా నుంచో పాలమూరు నుంచో వచ్చి, ఇటుక బట్టీ పక్కన గుడిసె వేసుకున్న తల్లి అర్జీ పెట్టగలదా? ఆ నలభై మందినీ లెక్కించి, ఆమె తరఫున అడగవలసినవాడే ఊరి పెద్ద. న్యాయశాస్త్రం బోధించే నల్సార్ శామీర్‌పేటలోనే ఉంది. రాసిపెట్టే చేతులకు కొరత లేదు. అడిగే నోటికే కొరత.

ఆ కూటి విలువ చిన్నదేమీ కాదు. 1987-90 నడుమ హైదరాబాదు చేరువ పల్లెలు కొన్నింటిలో గర్భిణులకూ పసివారికీ అనుబంధాహారం ఇచ్చారు. అక్కడ పుట్టినవారు కౌమారంలో, అది అందని పల్లెల పిల్లలకన్నా సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారని 2008లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

ఇది జరిగే పనేనా అని పెదవి విరిచేవారికి జవాబు దగ్గరలోనే ఉంది. ఈ రెండు ఊళ్ళూ 2016 దాకా రంగారెడ్డి జిల్లాలోనివే. ఆ జిల్లాలోనే శాంతా సిన్హా నేతృత్వాన ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి పల్లె పల్లెకూ తిరిగింది. బడికి రాని ప్రతి బిడ్డా బాలకార్మికుడేనని వాదించి, తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను, చివరకు పిల్లలను పనిలో పెట్టుకున్న ఆసాములను సైతం ఒప్పించింది. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం లభించింది, అదీ సామాజిక నాయకత్వానికే. ఆ నాయకత్వంలో పంపకాలు లేవు, పట్టుదల ఉంది.

కనుక మన పెద్దలకు నావి మూడే ప్రశ్నలు. మీ ఊళ్ళో ఆరేళ్ళలోపు పిల్లలెందరు? వారిలో అంగన్‌వాడీ రిజిస్టరుకెక్కినవారెందరు? బడి ఈడు వచ్చీ బడికి పోనివారెందరు? ఈ లెక్కలు తడుముకోకుండా చెప్పగలిగినవారికి ఫ్లెక్సీ అక్కరలేదు. చెప్పలేనివారు అరటిగెలను ఇంట్లోనే ఉంచి, కాగితమూ కలమూ పుచ్చుకుని ఇటుక బట్టీ దాకా ఒకసారి నడిచి రండి.