పిల్లల ఫుట్‌బాల్‌: పాయింట్ల పట్టిక ఏ వయసులో?

నార్వే నైరుతి మూలన బ్రూనె అనే చిన్న పట్టణం ఉంది. ఫుట్‌బాల్ తార ఎర్లింగ్ హాలాండ్ పెరిగింది అక్కడే. 1999, 2000లలో పుట్టిన దాదాపు నలభై మంది పిల్లలు ఆ ఊరి క్లబ్‌లో కలిసి సాధన చేసేవారు. వాళ్లలో ఎవరినీ ఏరివేయలేదు. పొట్టిగా, బక్కగా ఉండే హాలాండ్ ఒక్కసారిగా పొడవు సాగింది పదిహేనేళ్లు వచ్చిన తర్వాతే.

అదంతా ఒక్క కోచ్ మంచితనం కాదు. పిల్లల ఆటలకు నార్వేలో 1987 నుంచే ప్రత్యేక నిబంధనలున్నాయి. పదకొండో ఏడు వచ్చేదాకా పట్టికలు, ర్యాంకులు ప్రకటించరు. పదమూడో ఏటికి ముందు జాతీయ ఛాంపియన్‌షిప్ ఊసే లేదు. 2025 నవంబర్‌లో మిలన్ నగరంలో ఇటలీని 4-1తో ఓడించి, 1998 తర్వాత తొలిసారి ప్రపంచకప్‌కు అర్హత సాధించింది ఈ దేశమే. ఆ విజయాన్ని పిల్లల నిబంధనల ఖాతాలో వేయడం తొందరపాటే. అవి అడ్డు రాలేదని మాత్రం చెప్పవచ్చు.

చిన్న వయసు గెలుపుతో వచ్చే చిక్కు పుట్టినతేదీలోనే ఉంది. ఒకే వయోవిభాగంలో ఆడే జనవరి పిల్లాడికీ డిసెంబర్ పిల్లాడికీ దాదాపు ఏడాది తేడా. ఎనిమిదేళ్ల వాడికి అది బతుకులో ఎనిమిదో వంతు. ఈ ఆదివారం మ్యాచ్ గెలిచి తీరాలంటే కోచ్‌కు అడ్డదారి ఒకటుంది: ఒడ్డూపొడుగూ ఉన్నవాణ్ని ముందు నిలబెట్టి, వెనక నుంచి బంతిని అంత దూరం తన్నించడం. ట్రోఫీ వస్తుంది. పొట్టివాడికి బంతి అందదు. పొడుగువాడు పరుగు తప్ప మరేదీ నేర్చుకోడు. నాలుగేళ్లకు తోటివాళ్లూ అతని ఎత్తుకు వచ్చేస్తారు.

ఈ చిక్కును బెల్జియం ముందే పట్టుకుంది. 2000లో యూరో కప్‌కు నెదర్లాండ్స్‌తో కలిసి ఆతిథ్యమిచ్చి, గ్రూప్ దశలోనే ఓడి, మిగతా టోర్నీని సొంతగడ్డ మీద ప్రేక్షకుల్లా చూసిన దేశమది. ఫుట్‌బాల్ సమాఖ్య సాంకేతిక డైరెక్టర్ మిషెల్ సబ్లోన్ నాయకత్వంలో సంస్కరణలు మొదలయ్యాయి. విశ్వవిద్యాలయ పరిశోధకులు సుమారు 1,500 యూత్ మ్యాచ్‌ల వీడియోలు పరిశీలించి, గెలుపు యావ నేర్చుకోవడాన్ని మింగేస్తోందని తేల్చారు. చిన్నారులకు ఇద్దరిద్దరు, అయిదుగురేసి ఆడే చిన్న మ్యాచ్‌లు పెట్టారు. ఏడు, ఎనిమిదేళ్ల విభాగాల్లో పట్టికలు ఎత్తేశారు. 2015 నవంబర్‌లో ఆ దేశం ఫిఫా ర్యాంకుల్లో మొదటి స్థానానికి ఎక్కింది. 2018 ప్రపంచకప్‌లో మూడో స్థానం దక్కించుకుంది.

అందరూ దీన్ని మెచ్చలేదు. 2024-25 నుంచి పదకొండేళ్ల లోపు విభాగాలకు పట్టికలు లేని కొత్త పద్ధతి తప్పనిసరి చేయాలని జర్మనీ నిర్ణయించాక, ఆ దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఉపాధ్యక్షుడిగా ఉన్న హాన్స్ యోఆఖిమ్ వాట్స్కేనే ఎద్దేవా చేశాడు. ఓటమి రుచి తెలియని పిల్లాడికి గెలిచే సత్తువ ఎక్కడి నుంచి వస్తుందన్నది ఆయన వాదన. వాదనలో బలముంది. కానీ జర్మనీ తీసేసింది గెలుపును కాదు. అక్కడి పిల్లల ఆటల పండగల్లో చిన్న మైదానాలు వరుసగా ఉంటాయి. కొద్ది నిమిషాల మ్యాచ్ గెలిచిన జట్టు పై మైదానానికి, ఓడిన జట్టు కింది మైదానానికి జరుగుతాయి. రెండు మూడు రౌండ్లకల్లా సమఉజ్జీలు ఎదురెదురవుతారు. ఆ గెలుపోటములు ఆ పూటతోనే చెల్లిపోతాయి. నెలల తరబడి పట్టికలో నిలిచి, వచ్చే ఏడాది జట్టులో ఎవరుండాలో నిర్ణయించవు.

అమెరికాలో ముడి మరోచోట ఉంది. అక్కడి క్లబ్‌లు ఎక్కువగా తల్లిదండ్రుల ఫీజుల మీదే నడుస్తాయి. ట్రోఫీ అంటే క్లబ్‌కు ప్రకటన బోర్డు. వారాంతాల్లో పిల్లల్ని కారెక్కించుకుని మైదానాల చుట్టూ తిరిగే కుటుంబాల్లో, డాలస్, న్యూజెర్సీల తెలుగువాళ్లతో సహా, ఓడే జట్టుకు వేల డాలర్లు కట్టే ఓపిక ఎందరికుంటుంది?

గెలుపుకూ నేర్చుకోవడానికీ మధ్య ఈ తూకం హైదరాబాద్‌కు కొత్త కాదు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన ఎస్.ఎ. రహీమ్ శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. హైదరాబాద్‌లో ఆయన డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టించాడు. అక్కడ స్కోరూ ఉండేది, గెలవాలన్న పట్టుదలా ఉండేది. కుడికాలి వాటం కుర్రాడు గోల్ కొట్టాలంటే మాత్రం ముందు ఎడమకాలికి ఆట నేర్పుకోవాల్సి వచ్చేది.