ఏడాది నిండిన బిడ్డకు డబ్బా పాలెందుకు? సీసా ఎందుకు?

తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో ఈ మధ్య పదహారు నెలల పిల్లవాణ్ణి పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకొచ్చారు. పై వరుసలో ముందున్న నాలుగు పళ్లూ చిగురు దాకా పుచ్చిపోయి గోధుమరంగు మొలకలై మిగిలాయి. కింది పళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. రాత్రంతా నోట్లో సీసాతో నిద్రపోయే పిల్లల నోళ్లు ఇలాగే ఉంటాయి. పీక చుట్టూ పాలు పై పళ్ల మీద నిలిచిపోతాయి, కింది పళ్లను నాలుక కప్పి కాపాడుతుంది. అక్కడి డాక్టరు కనురెప్ప కిందికి లాగి చూసి, తెల్లగా పాలిపోయి ఉంటే రక్తపరీక్షకు పంపారు. హిమోగ్లోబిన్ ఏడు దాటలేదు. రోజుకు ఆరు సీసాలు తాగే ఆ బిడ్డ బొద్దుగా, బూరెబుగ్గలతో ఉన్నాడు కాబట్టి వాడికి ఏ లోటూ లేదనే ఇంటిల్లిపాదీ అనుకుంటున్నారు. తల్లి సంచిలో ఇంకో క్లినిక్ ఇచ్చిన పాత చీటీ ఉంది. అందులో పళ్ల మాట లేదు, గుడ్డు మాట లేదు, పప్పన్నం మాట లేదు. ఒక డబ్బా పేరు, దాని పక్కన స్టేజ్ 3, రోజుకు నాలుగు సార్లు అని మాత్రం ఉంది.

ఈ కరపత్రం ఆ చీటీ మీద.

తల్లిపాల గొప్పతనం ఇక్కడ మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. తల్లిని పోగొట్టుకున్న బిడ్డకు, తల్లికి పాలు పడని బిడ్డకు మొదటి ఏడాది డబ్బా పాలే ప్రాణాధారం కావచ్చు. దాని మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ పదమూడో నెల నుంచి మొదలవుతుంది. ఆ వయసు బిడ్డకు తల్లిపాలు ఇంకా అందుతుంటే మంచిదే, కొనసాగించాలి. అందకపోతే కాచిన మామూలు ఆవుపాలో గేదెపాలో చాలు, మిగతా ఆకలంతా ఇంట్లో వండిన అన్నమే తీర్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పన్నెండు నుంచి ఇరవై మూడు నెలల పిల్లలకు జంతువుల పాలు పట్టవచ్చని, ఫాలో-అప్ ఫార్ములా సిఫారసు చేయడం లేదని స్పష్టంగా రాసింది. అదే ఏడాది అమెరికా పిల్లల వైద్యుల సంఘమూ ఏడాది దాటిన ఆరోగ్యవంతులైన పిల్లలకు ఈ ప్రత్యేక పొడులతో పని లేదని తేల్చింది.

మరి ఏడాది దాటిన పిల్లలకంటూ అమ్మే ఈ స్టేజ్ 3 పొడి ఎవరి కోసం పుట్టింది?

దానికి సమాధానం చరిత్రలో ఉంది. 1939లో సింగపూర్ రోటరీ క్లబ్‌లో డాక్టర్ సిసిలీ విలియమ్స్ పాలపొడి అమ్మకాల తీరును హత్యగా పరిగణించాలని మొహమాటం లేకుండా మాట్లాడారు. 1974లో బ్రిటన్‌కు చెందిన వార్ ఆన్ వాంట్ సంస్థ పేద దేశాల్లో డబ్బా పాలు చేస్తున్న హాని మీద ఒక పుస్తకం అచ్చేసింది. 1977లో అమెరికాలో నెస్లే సరుకుల బహిష్కరణ మొదలైంది. ఆ ఒత్తిడికే 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల అమ్మకాలపై నియమావళి తెచ్చింది. 118 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, వ్యతిరేకించింది అమెరికా ఒక్కటే. పసికందుల పొడి మీద ఆంక్షలు పడేసరికి, పెద్ద నెలల పిల్లలకంటూ కొత్త పొడులు అంగళ్లకు ఎక్కాయి. ఐదేళ్లు తిరిగేసరికి, 1986లో, అదే సభ ఇలాంటి ఫాలో-అప్ పాలు అవసరం లేదని తీర్మానం చేయాల్సి వచ్చింది. చేసి నలభై ఏళ్లు కావస్తోంది. డబ్బాలు మాత్రం అల్మరాల్లో 1, 2, 3, 4 అంకెలేసుకుని వరుసగా నిలబడి ఉన్నాయి. ఒకటి అయిపోగానే రెండు, రెండు అయిపోగానే మూడు కొనాలి కాబోలు అని ఏ తల్లి అయినా అనుకుంటుంది. ఆ అంకెలు వేసిందే అందుకు.

మన దేశంలో చట్టం లేక కాదు. శిశు పాల ప్రత్యామ్నాయాలు, పాల సీసాలు, శిశు ఆహారాల నియంత్రణ చట్టం 1992లోనే వచ్చింది, 2003లో దాన్ని మరింత బిగించారు. రెండేళ్ల లోపు పిల్లల డబ్బా పాలకు గానీ సీసాలకు గానీ ప్రకటనలు ఇవ్వకూడదు. ఉచిత శాంపిళ్లు పంచకూడదు. డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ, తల్లి బొమ్మ వేయకూడదు. డాక్టర్లకు, నర్సులకు కానుకలు ఇవ్వకూడదు, వాళ్ల సదస్సులకు డబ్బు పెట్టకూడదు. అమ్మకాలు పెరిగిన కొద్దీ కంపెనీ ప్రతినిధి జీతం పెంచడం కూడా నిషేధమే. తప్పితే మూడేళ్ల దాకా జైలు, ఐదు వేల రూపాయల దాకా జరిమానా. మొదటి తేదీన సంచి భుజాన వేసుకుని పిల్లల డాక్టరు గది ముందు కూర్చునే ప్రతినిధికి ఈ సెక్షన్లు తెలియవా? ఆ గది తలుపు తీసే డాక్టరుకు తెలియవా? జిల్లా కేంద్రంలో కుర్చీ వేసుకుని కూర్చున్న వైద్యాధికారికి తెలియవా? మన జిల్లాల్లో ఈ చట్టం కింద ఎన్ని కేసులు పెట్టారో, ఎంతమందికి శిక్ష పడిందో ప్రతి జిల్లా యంత్రాంగం లెక్క బయటపెట్టాలి. అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చట్టంలో ఒక కంత ఉంది. దాని పరిధి బిడ్డకు రెండేళ్లు నిండడంతో ఆగిపోతుంది. అందుకే టీవీలోనూ ఫోనులోనూ కనిపించే పాలపొడి ప్రకటనలన్నీ రెండేళ్లు దాటిన పిల్లల పేరుతోనే వస్తాయి. పేరు, రంగు, డబ్బా ఆకారం మాత్రం చాలావరకు చంటిపిల్లల డబ్బాకు తోబుట్టువుల్లా ఉంటాయి. పెద్ద పిల్లవాడి డబ్బాను చూపించి చిన్నవాడి డబ్బాను అమ్ముకుంటున్నారు. మూడేళ్ల లోపు పిల్లల కోసమని అమ్మే పాలన్నిటినీ ఈ నియమాల కిందికే తేవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. మన పార్లమెంటు చట్టంలో రెండును మూడు చేయడానికి ఇంకెన్నేళ్లు కావాలి?

ఇక సీసా సంగతి. డబ్బా ఖర్చు భరించలేక చాలా ఇళ్లు ఏడాది దాటాక అది మానేస్తాయి. సీసా మాత్రం మానవు. అందులో పొడి పోయి ప్యాకెట్ పాలో గేదెపాలో వస్తాయి, లెక్క మాత్రం అదే ఐదారు సీసాలు. ఇదే పెద్ద ప్రమాదం. డబ్బా పొడిలో కనీసం ఇనుము కలిపి ఉంటుంది, పాలలో అది నామమాత్రం. ఐసీఎంఆర్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన లెక్క ప్రకారం ఒకటి నుంచి మూడేళ్ల బిడ్డకు రోజుకు 8 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. లీటరు పాలలో రెండు మిల్లీగ్రాములు కూడా ఉండదు, ఉన్నదాన్నీ పాలలోని కాల్షియం సరిగా ఒంటికి పట్టనివ్వదు. పైగా లీటరు గేదెపాలు తాగితే దాదాపు వెయ్యి కేలరీలు లోపలికి పోతాయి. ఏడాది బిడ్డకు రోజంతటికీ కావాల్సింది సుమారుగా అంతే. ఆ కడుపుకి ఇక ముద్దపప్పు అన్నం ఎందుకు సయిస్తుంది? "ఏం పెట్టినా తినడం లేదు, పాలైనా తాగనీ" అని ఇంకో సీసా అందిస్తారు. తిననిది ఆ సీసా వల్లనే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు 2015-16లో తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 58.6. 2019-21 నాటికి తెలంగాణలో 70, ఆంధ్రప్రదేశ్‌లో 63.2. తగ్గాల్సింది పెరిగింది. దేశం మొత్తం మీద ఆరు నుంచి ఇరవై మూడు నెలల పిల్లల్లో సరిపడా ఆహారం తింటున్నవాళ్లు నూటికి పదకొండు మందే. ఈ పాపమంతా సీసాదే అనలేం. కానీ అన్నం తినాల్సిన పూట బిడ్డ నోట్లో సీసా ఉండటం ఇందులో చిన్న భాగమేమీ కాదు.

సీసా లోపల ఏం జరుగుతోందో కూడా చూడాలి. పాలలో రెండు బిస్కెట్లు నానేస్తారు. చక్కెర వేస్తారు, మాల్టు పొడి కలుపుతారు. ఆ చిక్కదనం పీకలోంచి దిగదని సూది ఎర్రగా కాల్చి రంధ్రం పెద్దది చేస్తారు. ఆ సీసా నోట్లో పెట్టి వెల్లకిలా పడుకోబెడతారు. అలా పడుకుని తాగే పిల్లలకు చెవిపోటు, చెవిలో చీము వచ్చే అవకాశం ఎక్కువ. రెండేళ్ల లోపు పిల్లలకు చక్కెర అసలు అలవాటు చేయొద్దని డాక్టర్లు మొత్తుకుంటుంటే, కంపెనీలే దాన్ని కలిపి అమ్ముతున్నాయి. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ సంస్థ, ఐబీఫాన్ కూటమి కలిసి ఇచ్చిన నివేదిక, భారత్‌లో అమ్మే సెరిలాక్‌లో అదనంగా కలిపిన చక్కెర ఉందని, స్విట్జర్లాండ్‌లో అమ్మేదాంట్లో లేదని బయటపెట్టింది. చక్కెర తగ్గిస్తూ వస్తున్నామని సెరిలాక్ తయారుచేసే నెస్లే కంపెనీ బదులిచ్చింది. తగ్గించడమేమిటి? స్విస్ బిడ్డకు అక్కర్లేనిది మన బిడ్డకు ఎందుకు?

సీసా లేకపోతే పాలు తాగడు అంటారు. నెలలు నిండకుండా పుట్టిన, కిలోన్నర తూగని బిడ్డలకు ఆసుపత్రుల్లో నర్సులు చిన్న గిన్నెతోనే పాలు పడుతున్నారు. మన అమ్మమ్మలు ఉగ్గుగిన్నెతో ఊళ్లకు ఊళ్లను పెంచారు. ఏడాది బిడ్డ స్టీలు గ్లాసు పట్టుకోలేడా? ఏడుస్తాడు అంటారు. ఏడుస్తాడు, కొద్ది రోజుల్లో మానేస్తాడు. ఉద్యోగానికి వెళ్లే తల్లికి సీసాతో సులువు అంటారు. ఆ సులువుకి పళ్ల డాక్టరు దగ్గర మత్తు ఇచ్చి నాలుగు పళ్లు తీయించాల్సి వస్తుంది. పాలు తగ్గితే ఎముకలు బలహీనపడతాయన్న భయానికి ఆధారం లేదు. రోజుకు మూడు నాలుగు వందల మిల్లీలీటర్ల పాలు, కాస్త పెరుగన్నం ఆ వయసుకి సరిపోతాయి. పాలు పడని ఎలర్జీ ఉన్నవాళ్లు, ప్రత్యేక చికిత్సలో ఉన్న పిల్లలు డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలి. మిగతా ఇళ్లకు ఆ మినహాయింపు లేదు.

మాన్పించే పద్ధతి బ్రహ్మవిద్య కాదు. ఆరో నెల నుంచే గ్లాసుతో రెండు గుక్కల నీళ్లు అలవాటు చేయాలి. ఏడాది నిండగానే ముందు మధ్యాహ్నం సీసా తీసేసి ఆ పూట అన్నం పెట్టాలి. పప్పు, నెయ్యి, మెత్తగా ఉడికిన తోటకూర, గుడ్డు, తినేవాళ్లయితే ముళ్లు తీసిన చేప. తర్వాత సాయంత్రం సీసా, చివరికి రాత్రిది. రాత్రి సీసాలో కొన్ని రోజులకొకసారి కొద్దికొద్దిగా పాలు తగ్గిస్తూ పోవాలి, పళ్లు తోమాక మంచినీళ్లు తప్ప మరేమీ ఇవ్వకూడదు. పాలు గ్లాసుతో, భోజనం తర్వాతే. అదీ వెన్న తీయని పాలు, నీళ్లు కలపనివి. పదిహేనో నెల నాటికి సీసా ఇంట్లో కనిపించకూడదు. అన్నిటికన్నా ముందు నాయనమ్మనూ అమ్మమ్మనూ ఈ మాటకు ఒప్పించాలి, లేదంటే తల్లి పడిన కష్టమంతా ఒక్క మధ్యాహ్నంలో పోతుంది.

అయినా దీన్ని తల్లి నెత్తిన వేసి ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. తొమ్మిదో నెలలో మీజిల్స్–రుబెల్లా టీకాకు బిడ్డను తెస్తారు. ఆ రోజే ఏఎన్ఎం సీసా గురించి అడగాలి, ఎలా మాన్పించాలో చెప్పాలి. పదహారు నెలలు దాటాక రెండో డోసుకు వచ్చినప్పుడు మళ్లీ అడిగి, సమాధానం కార్డులో రాయాలి. తెలంగాణ అంగన్‌వాడీల్లో నెలకు రెండున్నర కిలోల బాలామృతం, గుడ్లు ఇస్తున్నారు. వాటితోపాటు ప్రతి బిడ్డకు మొదటి పుట్టినరోజున ఒక చిన్న స్టీలు గ్లాసు ఇస్తే ఖజానా ఖాళీ అయిపోదు. ఇనుము సిరప్ వారానికి రెండుసార్లు పిల్లలందరికీ పడుతోందో లేదో ఆశా కార్యకర్త చూడాలి. ఏడాది నిండిన ఆరోగ్యవంతుడైన బిడ్డకు డబ్బా రాసే డాక్టరు కారణం రాతలో చూపాలి, చూపలేకపోతే వైద్య మండలి సంజాయిషీ అడగాలి. పార్లమెంటు సభ్యులు చట్టం గడువును మూడేళ్లకు పెంచాలి.

మీ ఇంట్లో ఏడాది నిండిన బిడ్డ ఉంటే ఈ వారమే మధ్యాహ్నం సీసా మానేయండి. క్లినిక్‌లో స్టేజ్ 3 రాసిచ్చిన చీటీ మీ దగ్గర ఉంటే దాన్ని పారేయకండి. ఫొటో తీసి, ఎందుకు రాశారని అడుగుతూ ఒక అర్జీతో జిల్లా వైద్యాధికారికి ఇవ్వండి, అర్జీ అందినట్టు రసీదు తీసుకోండి.