టండ్రా వేడిమి: ఏ ఎత్తున కొలిచిన లెక్క?

ఉత్తర ధ్రువ ప్రాంతం 1979 నుంచి ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోందని 2022లో వెలువడిన అధ్యయనం ఒకటి తేల్చింది. సాధారణంగా వాతావరణ కేంద్రాలు నేలకు సుమారు రెండు మీటర్ల ఎత్తున గాలి ఉష్ణోగ్రతను నమోదు చేస్తాయి. టండ్రా మొక్కల్లో అత్యధికం ఆ ఎత్తుకు ఎన్నడూ చేరవు. ధ్రువ ప్రాంతపు విల్లో నేలను అంటిపెట్టుకుని కొన్ని సెంటీమీటర్లే పెరుగుతుంది. నాచు, లైకెన్ల సంగతి చెప్పనక్కరలేదు. ఎండ కాసి గాలి స్తంభించిన వేసవి మధ్యాహ్నం నేలబారున వేడిమి పైగాలి కంటే పలు డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. మొక్క అనుభవించేది ఈ సూక్ష్మ వాతావరణాన్నే.

1990లో రూపుదిద్దుకున్న అంతర్జాతీయ టండ్రా ప్రయోగం ఈ మొక్కల భవితవ్యాన్ని ముందుగా అంచనా వేసేందుకు ఒక సులభ సాధనాన్ని ఎంచుకుంది. పైభాగం తెరిచి ఉండే పారదర్శక పలకల గూళ్లను మొక్కల చుట్టూ నిలబెడతారు. విద్యుత్తు అక్కరలేదు. అలాస్కాలోని టూలిక్ సరస్సు నుంచి స్వీడన్‌లోని లాట్న్యాయౌరే వరకు ఇదే పద్ధతి. వేసవిలో లోపలి గాలి సాధారణంగా 1 నుంచి 3 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కుతుంది.

అయితే ఈ పలకలు వేడిని పెంచడంతో ఆగవు. గాలి ఉధృతిని తగ్గిస్తాయి, కీటకాల రాకపోకలకు అడ్డుపడతాయి. శీతాకాలంలోనూ ఉంచితే లోపల మంచు పేరుకుని నేలకు దుప్పటిలా పనిచేస్తుంది. కొలిచే పరికరానికి ఎండ నుంచి రక్షణ కల్పించకపోతే అది గాలి వేడిని గాక తన వేడినే చూపుతుంది.

2024లో 'నేచర్' పత్రిక ప్రచురించిన విశ్లేషణ ఈ చర్చకు ప్రాధాన్యం తెచ్చింది. 28 ప్రాంతాల్లోని 56 ప్రయోగాలను పరిశీలించగా గాలి సగటున 1.4 డిగ్రీలు, నేల 0.4 డిగ్రీలు మాత్రమే వేడెక్కాయి. అయినా మొక్కలు, నేలలోని సూక్ష్మజీవులు శ్వాసక్రియలో విడిచే కార్బన్ డయాక్సైడ్ 30 శాతం పెరిగింది. ఈ పెరుగుదలను గాలి వేడికి ముడిపెడితే ఒక లెక్క, నేల వేడికి ముడిపెడితే అంతకు మూడు రెట్లకు మించిన లెక్క వస్తాయి. ఉత్తరాది శాశ్వత ఘనీభవన నేలల్లో వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు కార్బన్ నిక్షిప్తమై ఉన్నందున ఈ వ్యత్యాసాన్ని తేలికగా తీసుకునే వీలులేదు.

నేల లోపల, నేలమట్టాన, కాస్త పైన ఏకకాలంలో కొలిచే చిన్న పరికరాలు ఇప్పుడు అందుబాటులోకి వచ్చాయి. స్వాల్‌బార్డ్‌లో 2008 నుంచి 'హిమాద్రి' కేంద్రాన్ని నడుపుతున్న భారత్‌కూ ఈ కొలతలు ప్రయోజనకరమే. కాగా, ఆ 30 శాతం మొక్కలు పెరిగే కాలానికి చెందిన లెక్క మాత్రమే; మంచు కప్పి ఉండే సుదీర్ఘ శీతాకాలపు నెలలు అందులో లేవు.