ఇంజనుకు ఇసుక తినిపించొద్దు

దుబాయి నుంచి హత్తా వెళ్ళే దారిలో అల్ బదాయర్ దగ్గర పెద్ద ఎర్ర ఇసుక దిబ్బ ఉంది. అందరూ దాన్ని 'బిగ్ రెడ్' అంటారు. చలికాలం మొదలైతే చాలు, సెలవు రోజుల్లో అక్కడ డర్ట్ బైకుల మోత ఆగదు. బండి తోలి సరదా తీర్చుకుని వెళ్ళేవాళ్ళు వేరు. సాయంత్రం ఆ బండ్లను కడిగి, విప్పి, మర్నాటికి సిద్ధం చేసేవాళ్ళు వేరు. ఈ రెండో రకం పనిలో ఉన్న అన్నదమ్ముల కోసం ఈ వారం మన శీర్షికలో ఎయిర్ ఫిల్టర్ గురించి చెప్పుకుందాం.

ఇంజను పాడైతే యజమాని అడిగే మొదటి మాట 'దీన్ని సర్వీసు చేసింది ఎవరు?' అని. బండి తోలినవాడు అప్పటికి ఇంటికెళ్ళిపోయి ఉంటాడు. మిగిలేది మనమే. అందుకే ఈ చిన్న పని గురించి ఇంత వివరంగా చెబుతున్నాం.

250 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజను నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతుంటే సుమారు 1,000 లీటర్ల గాలి లోపలికి లాగుతుంది. ముందు వెళ్ళే బండి లేపిన దుమ్మంతా వెనక బండి మింగాల్సిందే. ఇసుకలో ఉండే సిలికా చాలా గట్టిది. అది లోపలికి పోయిందంటే పిస్టన్ రింగులను, సిలిండర్ గోడను గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు అరగదీస్తుంది. ఆ తర్వాత కంప్రెషన్ తగ్గుతుంది, స్టార్టింగు కష్టమవుతుంది, ఇంజను ఆయిల్ తాగి నీలం పొగ వదులుతుంది. అప్పుడు ఫిల్టర్ మార్చినా లాభం లేదు. ఇంజను విప్పాల్సిందే.

చాలా డర్ట్ బైకుల్లో ఉండేది స్పాంజి ఫిల్టర్. దాని రంధ్రాలు సన్నని దుమ్ము కంటే పెద్దవి. మరి దుమ్మును ఆపేది ఏమిటి? దానికి పట్టించిన జిగురు నూనె. ఊళ్ళో కళ్ళంలో వడ్లు ఎగరబోసేటప్పుడు తువ్వాలను తడిపి ముక్కుకు కట్టుకునేవాళ్ళం కదా. పొడి గుడ్డ కంటే తడి గుడ్డ దుమ్మును బాగా పట్టుకుంటుంది. ఇదీ అంతే. నూనె లేని స్పాంజి ఉన్నా లేనట్టే.

ఇక పని మొదలు పెడదాం. ముందు సీటు చుట్టూ, పక్క ప్లేట్ల చుట్టూ ఉన్న ఇసుక తుడవండి. లేకపోతే మూత తీయగానే అదంతా లోపల పడుతుంది. బోల్టు విప్పి ఫిల్టర్‌ను మెల్లగా, దులపకుండా బయటికి తీయండి. వెంటనే గాలి లోపలికి వెళ్ళే గొట్టం నోట్లో శుభ్రమైన గుడ్డ పెట్టి, ఆ పెట్టెను తడి గుడ్డతో తుడవండి. తర్వాత గొట్టం లోపల వేలు పెట్టి చూడండి. వేలికి దుమ్ము అంటితే ఫిల్టర్ పక్కనుంచి గాలి దూరుతోందన్నమాట. ఫిల్టర్ తీసి ఉన్నంతసేపు ఇంజన్ను ఒక్క క్షణం కూడా స్టార్ట్ చేయవద్దు.

స్పాంజిని లోపలి ప్లాస్టిక్ బోను నుంచి తీసి, ఫిల్టర్ క్లీనర్‌తో నూనె వదిలించండి. చాలా చోట్ల పెట్రోలులో ముంచి పిండేస్తుంటారు. అది వద్దు. పెట్రోలు స్పాంజి అతుకుల జిగురును కరిగిస్తుంది, చేతుల చర్మాన్ని పాడుచేస్తుంది. గదిలోనో మూసిన షెడ్డులోనో ఆ పని చేస్తే ఒక్క నిప్పురవ్వ చాలు, ప్రాణాల మీదికి వస్తుంది. క్లీనర్ లేకపోతే గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు కలిపి రెండు మూడుసార్లు ఉతకండి. చేతికి గ్లోవ్స్ తప్పనిసరి. వాడిన క్లీనర్‌ను ఇసుకలో పారబోయకుండా పాత నూనె డబ్బాలో పోయండి.

కడిగేటప్పుడు నీళ్ళు లోపలి వైపు నుంచి బయటికి రావాలి. అప్పుడే మట్టి వచ్చిన దారినే పోతుంది. బట్టలు పిండినట్టు మెలితిప్పకండి, అతుకులు ఊడతాయి. అరచేతుల మధ్య నొక్కితే చాలు. కంప్రెసర్ గాలి కొట్టకండి, స్పాంజి చిరుగుతుంది. నీడలో ఆరనివ్వండి. తడి ఉండగా నూనె పడితే అది సరిగా అంటదు.

ఆరాక వెలుతురుకు ఎత్తి చూడండి. అతుకు విడినా, చిన్న చిల్లు పడినా, వేళ్ళతో నలిపితే పొడి రాలినా ఆ ఫిల్టర్ పని అయిపోయింది. సూదీ దారం, జిగురు పెట్టి బతికించాలని చూడవద్దు. కొత్తది వేయండి.

నూనె పట్టించడంలోనే అసలు పనితనం ఉంది. ఫిల్టర్ నూనెనే వాడండి. మామూలు ఇంజను ఆయిల్ పోస్తే కొంతసేపటికి కిందికి జారిపోయి, పైభాగం పొడిబారుతుంది. నూనె అన్ని వైపులా పోసి, పిండి పిసికినట్టు నెమ్మదిగా పిసకండి. స్పాంజి అంతా ఒకే రంగులోకి రావాలి. తెల్లని మచ్చ కనబడితే అక్కడ నూనె పట్టలేదని అర్థం. ఎక్కువైన నూనెను నొక్కి తీసేయండి, లేకపోతే గాలి ఆడదు. డబ్బా మీద రాసినంతసేపు ఆగి, తర్వాతే బిగించండి.

బిగించే ముందు ఫిల్టర్ అంచు చుట్టూ పలుచగా గ్రీజు రాయండి. అంచు సరిగా కూర్చోకపోతే పైన చేసిందంతా వృథా. గుడ్డ తీయడం మరిచిపోవద్దు. ఫిల్టర్ గుర్తును దాని గాడిలో పెట్టి, బోల్టు బిగించి, అంచు చుట్టూ వేలితో తడిమి చూడండి.

ఎన్నాళ్ళకోసారి? బండితో ఇచ్చిన పుస్తకం చూడండి. ఇసుకలో రోజంతా తిరిగిన అద్దె బండికి మాత్రం ఆ రోజు సాయంత్రమే చేయడం మంచిది. ఒక్కో బండికి మూడు ఫిల్టర్లు ఉంటే పని తేలిక. ఒకటి బండిలో, ఒకటి నూనె పట్టి సంచిలో, ఒకటి ఆరుతూ ఉంటాయి. ఈ లెక్క యజమానికి చెప్పండి. మూడు స్పాంజిల ఖర్చు ఎక్కడ, ఇంజను ఖర్చు ఎక్కడ!

డెలివరీ బండ్లు నడిపే తమ్ముళ్ళకు ఒక మాట. మీ బండ్లలో చాలా వాటికి కాగితం ఫిల్టర్ ఉంటుంది. దాన్ని నీళ్ళతో కడగకూడదు. అందులోనూ నూనె పట్టించిన కాగితం రకమైతే గాలి కూడా కొట్టకూడదు, గడువు రాగానే మార్చడమే. శమాల్ గాలి వీచిన వారంలో గడువు దాకా ఆగకుండా ఒకసారి తీయించి చూడండి.

చివరగా, జేబులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. బండి నంబరు, తేదీ, ఫిల్టర్ కడిగారా మార్చారా అన్నది రాయండి. కొత్త ఫిల్టర్ అడిగితే ఇవ్వలేదనుకోండి, ఏ రోజు ఎవరిని అడిగారో అదీ రాయండి. ఫోనులో మెసేజ్ పెడితే ఇంకా మంచిది. రేపు ఇంజను పోయి జీతంలో కోత అన్న మాట వస్తే, చూపించడానికి మీ దగ్గర ఒక కాగితమైనా ఉంటుంది.

వచ్చే వారం చైను, స్ప్రాకెట్ల సంగతి చూద్దాం.